ఏజెంటుతో పోవుడా, మనమే పోవుడా

పార్కుకు పోవాలన్న కోరిక మా అమ్మాయిదని ఇంట్లో అందరూ అనుకున్నారు. నిజానికి అది నాది.

నేను ఎల్లారెడ్డిలో ఆడవాళ్ళ బట్టలు కుడతాను. ఇంటి ముందు గదే దుకాణం. ఒక ఎండాకాలం, పెళ్ళిళ్ళ పని కాస్త సద్దుమణిగాక, కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఒకామె తన ఫోన్‌లో వీడియో చూపించింది. హైదరాబాద్ అవతల ఉన్న పెద్ద పార్కు అట. పట్టాల మీద ఒక బండి మెల్లగా ఎత్తుకు ఎక్కింది, పైన కాసేపు ఆగింది, తర్వాత ఒక్కసారిగా కిందికి జారి తలకిందులైంది. ఆ బండిలో ఆమె కూడా ఉంది. ఆమెకు నా వయసే ఉంటుంది. నోరు పూర్తిగా తెరిచి అరుస్తోంది. మా ఇళ్ళల్లో ఆడది అంత గట్టిగా అరిచిందంటే ఎవరో చనిపోయారని అర్థం. ఈమె మాత్రం అరుస్తూ నవ్వుతోంది.

"ఇంకోపారి చూపియ్యవా" అన్నాను.

చూపించింది. ఎట్లా వెళ్ళారని అడిగాను.

"కామారెడ్డిల ట్రావెల్స్ ఆయన ఉన్నడు. బస్సు, రూము, టికెట్టు, తిండి అంత ఆయనే చూస్తడు. మనం ఎక్కి కూసునుడే."

ఆ సాయంత్రం మా అమ్మాయితో, వేరే మాటల మధ్యలో, అట్లాంటి పార్కు ఒకటుందట అన్నాను. అది అప్పుడే తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉంది. వాళ్ళ నాన్న మిల్లు నుంచి వచ్చి చెప్పులు విడవకముందే అడిగేసింది. అట్లా ఆ కోరిక దానిదైపోయింది. నేను సరిదిద్దలేదు. పిల్ల అడిగితే ఇంట్లో ఆలోచిస్తారు. నేను అడిగితే ముందు నవ్వుతారు.

మా ఆయన బియ్యం మిల్లులో మిషన్ ఆపరేటరు. వరుసగా రెండు రోజులు సెలవు దొరకడమే ఆయనకు కష్టం.

"పోదాం గని, ఆ బస్సులు, ఆటోలు, లైన్ల నిలబడుడు నాతోని గాదు" అన్నాడు. "ఎవడన్న ఏజెంటుకు చెప్పేద్దాం. వాడే తీస్కపోతడు, వాడే తీస్కొస్తడు."

ఆ మాట అన్నాక ఆయనకే తెలిసింది ఏమన్నాడో. అరుగు మీద బీడీలు చుడుతున్న మా అత్త చెయ్యి ఆగింది. ఒడిలో ఉన్న చాటను పక్కన పెట్టింది.

"ఏజెంటు పేరు గీ ఇంట్ల ఎత్తకుండ్రి" అంది. గొంతు పెంచలేదు. "పోతే పోండ్రి, వద్దంటలేను. మీ కాళ్ళ మీద మీరు పోండ్రి."

మా మామ లోపల మంచం మీద కూర్చుని అన్నీ విన్నాడు. ఆయన సాధారణంగానే ఏమీ అనడు.

వాళ్ళ సంగతి నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాక ముక్కలు ముక్కలుగా విన్నాను. అంతా మా అత్త చెప్పిందే, అదీ బీడీలు చుడుతూ చెప్పిందే. మా మామది గాంధారి వైపు ఒక చిన్న ఊరు. పెళ్ళయి, మా ఆయన పుట్టాక, వానలు లేని ఒక ఏడాది కామారెడ్డిలో ఒక ఏజెంటు దగ్గరికి వెళ్ళాడు. మా వైపు ఏ దేశం పోయినా దుబాయి పోవడమే అంటారు. నీడపట్టున దుకాణంలో పని అన్నాడు ఏజెంటు. బొంబాయి దాకా తనే వచ్చి, విమానం ఎక్కే చోట చెయ్యి ఊపాడట. అక్కడ దిగగానే మనిషి ఉంటాడు, మీ పేరు పట్టుకుని నిలబడి ఉంటాడు, వెంట పోవడమే అని చెప్పాడట. దిగాక అట్లాంటి మనిషి ఎవరూ లేరు. చాలాసేపటికి ఎవరో బండి తెచ్చి, పాస్‌పోర్టు గుంజుకుని, దూరంగా ఎడారిలో దించారు. అక్కడ పని మేకలు కాయడం. మాట్లాడడానికి మనిషి లేడు. రెండేళ్ళ పైన అట్లా గడిచింది.

ఆ కాలమంతా మా అత్త, బీడీలు అప్పజెప్పే రోజున, పిల్లవాడిని చంకనేసుకుని కామారెడ్డి పోయేది. ఏజెంటు ఇంటి మెట్ల మీద కూర్చునేది. ఏజెంటు ఎప్పుడూ ఇంట్లో ఉండేవాడు కాదు. అతని భార్య ఉండేది.

"ఆమె చాయ్ ఇస్తుండె" అని చెప్పేది మా అత్త. "అల్లం ఏసి మంచిగ పెడుతుండె. తాగుతుంటి. ఏం జెయ్యాలె? పొద్దుగాల ఏం తినకుండ పోతుంటి. తాగి, ఇంకింతసేపు కూసొని, బస్సు టైముకు లేసి వస్తుంటి."

ఒక రోజు వెళ్ళేసరికి ఇంటికి తాళం ఉంది. మళ్ళీ ఆ తాళం తియ్యలేదు. భర్త బతికి ఉన్నాడన్న కబురు ఆమెకు ఏజెంటు నుంచి కాక, జుక్కల్ వైపు మనిషి ఒకడి నోటితో వచ్చింది. అతను ఆ ఎడారికి మేకల కోసం నీళ్ళ బండి తెచ్చేవాడట, సెలవు మీద వచ్చి, ఊరూరు అడుగుతూ వెతుక్కుని వచ్చి చెప్పిపోయాడు. ఆ తర్వాత అక్కడ పనిచేసే మనవైపు వాళ్ళే పట్టుబట్టి మా మామను విమానం ఎక్కించారు. వచ్చిన మనిషిని మా ఆయన గుర్తుపట్టలేదు, భయపడి ఏడ్చాడట.

నాకు ఏజెంట్ల మీద కోపం లేదు. కోపం రావడానికి నాకేమీ జరగలేదు. అయినా ఆ ఇంట్లో ఇన్నేళ్ళున్నాక ఆ మాట ఎక్కడ తగులుతుందో తెలుసు. అందుకే మనంతట మనం పోతే ఎట్లా ఉంటుందో చూద్దామనుకున్నాను. ఫోన్‌లో చూశాను, పోయివచ్చిన వాళ్ళను అడిగాను. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సు, అక్కడ రైలు, సికింద్రాబాద్‌లో దిగి మళ్ళీ రెండు బస్సులు. పొద్దున్నే బయలుదేరినా అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం. పార్కు సాయంత్రానికి మూసేస్తారు. అక్కడ దగ్గర్లో ఉండే చోటేదో మాకు తెలియదు. హైదరాబాద్‌కు నేను వెళ్ళింది ఆస్పత్రి పనుల మీదే. ఆ దారి తప్ప వేరే దారి తెలియదు. ఖర్చు చూస్తే రెండింటికీ పెద్ద తేడా లేదు. తేడా అంతా ఇంట్లో ఉంది.

అస్తరు బట్ట, గుండీలు తేవడానికి నెలకోసారి కామారెడ్డి వెళ్తాను. ఆ నెల వెళ్ళేటప్పుడు ట్రావెల్స్ ఆఫీసుకు కూడా పోయి అడిగి వద్దామనుకున్నాను. అడగడంలో తప్పేముంది అనుకున్నాను. మా ఆయనకు మాత్రమే చెప్పాను. బయలుదేరుతుంటే మా మామ ఉతికిన చొక్కా వేసుకుని గడపలో నిలబడి ఉన్నాడు.

"నేను గూడ వస్త" అన్నాడు.

"కామారెడ్డికా మామా? ఏం పని?"

"ఏం లేదు. ఊకెనే."

బస్సులో ఆయన కిటికీ వైపు కూర్చున్నాడు. లింగంపేట దాటాం. అడవిలో టేకు చెట్లు ఆకు రాల్చి ఉన్నాయి, లోపల చాలా దూరం కనిపిస్తోంది. నేను ఎక్కడికి పోతున్నానో ఆయనకు ఎట్లా తెలిసిందని అడగాలనిపించింది, అడగలేదు. చిన్న ఇల్లు. గోడలకు చెవులుండడం కాదు, గోడలే సరిగ్గా లేవు.

ఆఫీసు స్టేషన్‌కు పోయే దారిలో మేడ మీద ఉంది. తిరుపతి, షిర్డీ, కాశీ బొమ్మల పక్కన ఆ పార్కు బొమ్మ కూడా గోడకు అంటించి ఉంది. బల్ల వెనక ఉన్న మనిషికి ముప్పై దాటి ఉంటాయి. మమ్మల్ని చూసి లేచి మా మామకు కుర్చీ వేశాడు.

"కూసోండి బాపూ. ఏడికి, కాశికా?"

"పార్కుకు" అన్నాను నేను.

అతను ఆశ్చర్యపోకుండా చెప్పుకుంటూ పోయాడు. బస్సు ఎల్లారెడ్డి నుంచే బయలుదేరుతుంది. మధ్యాహ్నం ఎక్కితే రాత్రికి పార్కు దగ్గర లాడ్జిలో పడుకోవడం. పొద్దున టిఫిను, గేటు తెరిచే టైముకు లోపల ఉండడం, సాయంత్రం వాపసు. మాకు రెండు రూములిస్తానన్నాడు. నీళ్ళ ఆటల్లోకి నూలు బట్టలతో పోనివ్వరు, నైలాన్‌వే ఉండాలి, లేకపోతే అక్కడ కిరాయికి ఇస్తారు అన్నాడు. కిరాయి బట్టలు అనగానే నాకు ఒంటి మీద ఏదో పాకినట్టయింది. ఎవరెవరు తొడిగినవో. నేను కుట్టుకుంటే సరిపోతుందా, ఎంత పొడవుండాలి అని అడుగుతున్నాను. అప్పుడు మా మామ కదిలాడు.

"మమ్ముల అక్కడ దించినంక, మాతోని ఎవరుంటరు?"

"బస్సుల మా మనిషి ఉంటడు బాపూ. గేటు దాంక వస్తడు."

"గేటు లోపలికి?"

"లోపలికి రాడు."

"లోపల ఎవరన్న ఉంటరా, నీ మనిషి? మా కోసమని?"

అతను నా వైపు చూశాడు. ఈ ముసలాయన ఏం అడుగుతున్నాడో అర్థం కాలేదని అతని ముఖంలో కనిపించింది. నేనేమీ సాయం చెయ్యలేదు. నాకూ జవాబు కావాలనిపించింది.

"లేదు బాపూ" అన్నాడు చివరికి. "లోపల మావోళ్ళు ఎవరు ఉండరు. మీకు మీరే తిరగాలె. తప్పిపోతే నాకు ఫోన్ చెయ్యాలె, అంతే. ఉంటరని చెప్పి నేను అబద్ధం ఎందుకు ఆడాలె?"

మా మామ తల ఊపి లేచాడు. ఇంట్లో మాట్లాడుకుని చెప్తామని నేను అన్నాను. మెట్లు దిగుతుంటే ఏమంటారని ఆయనను అడిగాను. "బట్టలు కొనుక్కో నడువు" అన్నాడు. అస్తరు బట్ట కొన్నాను. ఆయన అడ్డుచెప్పకపోయేసరికి, ఏదీ తేలకుండానే, ముదురు నీలం నైలాన్ కూడా తానులోంచి చింపించాను.

ఆ రాత్రి అన్నాల దగ్గర ఆయన మా అత్తతో నేరుగా మాట్లాడాడు.

"పోయి అడిగి వచ్చిన. లోపల ఎవరు ఉండరన్నడు."

"ఎవరన్నరు?"

"ఏజెంటు."

మా అత్త నా వైపు ఒకసారి, ఆయన వైపు ఒకసారి చూసింది. "పోయిండ్రా?" అంది.

"పోయినం. ఉండరని మొకం మీద చెప్పిండు. అప్పటోడు ఉంటరని చెప్పిండు, ఎవడు లేకుండె. వీడు ఉండరన్నడు. పోనీ, పిల్ల మోజు పడ్డది."

మా అత్త కంచంలో అన్నం పూర్తిగా తిన్నది. గిన్నెలో మిగిలిన పప్పు మా అమ్మాయికి వడ్డించింది. ఆమె కోపం తగ్గలేదని, అట్లాగని కోపంతో ఏమీ ఆపబోవడం లేదని నాకు అర్థమైంది.

"అయితే నేను గూడ వస్త" అంది. "మీ నలుగురిని పంపి నేను ఇంట్ల కూసుండ. ఒక్కపారి కూసున్న, సాలు."

అట్లా అయిదుగురమయ్యాం.

ఆ వారమంతా రాత్రిళ్ళు గిరాకీ బట్టలు పక్కన పెట్టి నైలాన్ కుట్టాను. అమ్మాయికి, నాకు మోకాళ్ళ కిందికి వచ్చే పొడవు చొక్కా, పైజామా, మగవాళ్ళకు నిక్కరు, చొక్కా. నైలాన్ మిషన్ కింద జారిపోతుంది, సూది తప్పితే తూటు అట్లాగే ఉండిపోతుంది. మా అత్త కొలతలు తీసుకోవడం అదే మొదటిసారి. ఆమె జాకెట్లు ఎప్పుడూ పాత జాకెట్టు చూసి కుట్టేదాన్ని. చేతులు చాపి నిలబడమంటే నిలబడింది. భుజం నుంచి నడుము దాకా ఒక పక్క వంగి ఉంది, కూర్చుని బీడీలు చుట్టీ చుట్టీ. ఆ వంపుకు తగ్గట్టు కత్తిరించాను. తొడుక్కుని అద్దంలో చూసుకుని, "దవాఖానల నర్సు లెక్క ఉన్న" అంది. విప్పి మడత పెట్టి తన సంచిలో తనే పెట్టుకుంది.

బస్సు చెప్పిన రోజున, చెప్పిన టైము కంటే కాస్త ఆలస్యంగా వచ్చింది. దోమకొండ వైపు కుటుంబాలు రెండు కామారెడ్డిలో ఎక్కాయి. పాటలు పెట్టారు. మా ఆయన హాయిగా నిద్రపోయాడు, అదే ఆయనకు కావలసిన విహారయాత్ర. లాడ్జి చేరేసరికి చీకటి పడింది. అక్కడ మాకు రెండు రూములు లేవు. ఒకటే ఉంది.

బస్సు వెంట వచ్చిన మనిషి సీజన్ అని, రద్దీ అని, రేపు చూద్దామని సర్దిచెప్పబోయాడు. మా ఆయన గొడవకు దిగబోతుంటే మా అత్త ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"మీ సేటుకు ఫోన్ చెయ్యి" అంది ఆ మనిషితో.

"ఇప్పుడా అవ్వా? రేపు పొద్దుగాల..."

"ఇప్పుడే చెయ్యి."

అతను చేశాడు. మేమందరం చుట్టూ నిలబడ్డాం. అటువైపు ఫోన్ మోగడం మాకు వినిపిస్తోంది. మా మామ గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. కాసేపటికి అటు ఎత్తారు. మా అత్త ఫోన్ అందుకుంది.

"ఎక్కడున్నవు?" అంది.

"కామారెడ్డిల అవ్వా. ఏమైంది?"

"ఇంట్లనే ఉన్నవా?"

"ఇంట్లనే ఉన్న. ఏమైంది, చెప్పు."

"రూము ఒక్కటే ఇచ్చిండ్రు. రెండంటివి."

అతను తప్పయిందన్నాడు. లాడ్జి వాళ్ళతో మాట్లాడతానన్నాడు, పైన తగ్గింపు ఏదో ఇస్తానని కూడా అన్నాడు. మా అత్త అదంతా వింటోందో లేదో తెలియలేదు.

"సరే తియ్యి" అంది. "ఫోన్ ఎత్తినవు. మంచిది."

ఫోన్ తిరిగి ఇచ్చేసి, సంచి తీసుకుని ఆ ఒక్క రూములోకి వెళ్ళిపోయింది. రెండో రూము రాలేదు. ఆడవాళ్ళం లోపల, మగవాళ్ళు బయట వరండాలో పడుకున్నాం. మా ఆయన ఇంత మెత్తబడడం ఏంటని గొణుక్కున్నాడు. నేను మాత్రం ఆమె పక్కనే పడుకుని ఉన్నాను. ఆమె పడుకున్న వెంటనే నిద్రపోయింది. కొత్త చోట ఆమెకు నిద్రపట్టగా నేను అంతకుముందు చూడలేదు.

పార్కు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. చాలా పెద్దది, చాలా ఎండ. లైన్లు పొడుగు. నేను వచ్చింది ఏ బండి కోసమో ఆ బండి ముందు మా అమ్మాయి, నేను చాలాసేపు నిలబడ్డాం. ఎక్కాక మీద ఇనుప కడ్డీ దించి బిగించారు. పైకి ఎక్కుతున్నంతసేపు కింద పార్కింగులో మా బస్సు కనిపించింది, దాని అవతల ఎండిన పొలాలు కనిపించాయి. తర్వాత ఏమైందో వరుసగా గుర్తులేదు. మా అమ్మాయి చెవిలో అరుస్తోంది. నేనూ అరుస్తానని అనుకున్నాను, అరవాలనే వచ్చాను, కడ్డీ పట్టుకుని నోరు మూసుకుని కూర్చున్నాను. దిగాం. అమ్మాయి ఇంకోసారి అంది. రెండోసారి అరిచాను. ఎంత గట్టిగా అంటే, దిగాక ఒకావిడ నా వైపు చూసి నవ్వింది.

మధ్యాహ్నం నీళ్ళ వైపు వెళ్ళాం. పెద్ద కొలను, అందులో మిషన్‌తో అలలు పుట్టిస్తారు. సైరన్ మోగితే అలలు మొదలవుతాయి. మా మామ నిక్కరు, నైలాన్ చొక్కా వేసుకుని అంచున నిలబడ్డాడు. నీళ్ళు పాదాల దాకా వచ్చి వెనక్కి పోతున్నాయి.

"సముద్రం గిట్లనే ఉంటదా?" అని అడిగాడు నన్ను.

"మీరు చూసిండ్రు గద మామా, దుబాయి పోయినప్పుడు."

"దాని మీదికెళ్లి పోయిన, మీదికెళ్లి వచ్చిన" అన్నాడు. "కాళ్ళు తడువలే."

మా అత్త అప్పటికే మమ్మల్ని దాటి నడుము లోతు దాకా పోయింది. ముదురు నీలం చొక్కా నీళ్ళలో ఉబ్బి ఆమె చుట్టూ గొడుగులా తేలింది. అల వచ్చి గుండెలకు కొడితే రెండడుగులు వెనక్కి పడి, నిలదొక్కుకుని, మళ్ళీ ముందుకు పోయింది. మా ఆయన పైలం, పైలం అని అరుస్తూ వెంట పోయాడు. ఆమె వెనక్కి చూడలేదు. అలలు ఆగినప్పుడల్లా సైరన్ కోసం ఎదురుచూస్తూ అక్కడే నిలబడింది.

సాయంత్రం బస్సులో దోమకొండ ఆడవాళ్ళు ఆ బట్టలు ఎక్కడ కొన్నారని ఆమెను అడిగారు. కొనలేదు, మా కోడలు కుట్టింది అని చెప్పింది. వాళ్ళలో ఇద్దరు నా నంబరు తీసుకున్నారు. మరుసటి ఎండాకాలం నుంచి అట్లాంటివి నాలుగైదు జతలు కుట్టమని ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. కొలతలు ఇస్తూ ఏజెంటుతో పోవాలా, మనమే పోవాలా అని కూడా అడుగుతారు. చిన్న పిల్లలుంటే, దారి తెలియకపోతే ఏజెంటుతో పొమ్మంటాను. రూములు మాత్రం ఒకటికి రెండుసార్లు అడిగి పొమ్మంటాను. ఇంతకంటే నాకు తెలిసింది లేదు.

తిరిగి వచ్చిన రెండో రోజు మా అత్త ఎప్పట్లాగే అరుగు మీద చాట ముందు కూర్చుంది. నేను నైలాన్ బట్టలు ఉతికి తీగ మీద ఆరేస్తున్నాను. అవి నూలు బట్టల్లా కాదు, ఆరేసిన కాసేపటికే ఆరిపోతాయి.

"నిజం సముద్రం మనకు ఏ దిక్కున్నదే?" అంది.

తూర్పున ఒకటి, పడమర ఒకటి, రెండూ దూరమే అన్నాను.

"ఏది దగ్గర?"

చూసి చెప్తానన్నాను. ఆమె బీడీలకు తునికాకు కత్తిరించడం మొదలుపెట్టింది.